డ్రాయింగ్ పీరియడ్‌లో డ్రాయింగే చెప్పించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

బడులు తెరిచే రోజులు దగ్గరికొచ్చాయి. హైస్కూళ్ళలో హెడ్మాస్టర్లు ఈపాటికి టైంటేబుల్ వేసే పనిలో ఉంటారు. ఆ కాగితం ఎలా తయారవుతుందో నాకు బాగా తెలుసు. ముందు లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు గళ్ళు నింపుతారు. తర్వాత తెలుగు, సోషల్, హిందీ. అన్నీ సర్దాక మిగిలిన గడిలో, అదీ మధ్యాహ్నం ఆఖరి గంటలో, డ్రాయింగ్ అని రాస్తారు. దసరా సెలవులు దాటేసరికి పదో తరగతికి ఆ గంటలో లెక్కల రివిజన్ మొదలవుతుంది. డ్రాయింగ్ మాస్టారి పోస్టు ఖాళీగా ఉన్న బడిలో అయితే దసరా దాకా కూడా ఆగరు. నేను నెల్లూరు జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. ఆ ఒక్క పీరియడ్ గురించే ఈ ఉత్తరం.

"ఒక పీరియడ్ పోతే ఏమైంది మాస్టారూ, పిల్లలకు లెక్కలు వస్తే చాలదా?" అని నన్ను తల్లిదండ్రులు అడిగారు, తోటి టీచర్లూ అడిగారు. వాళ్ళకు నేను బొమ్మల గొప్పతనం చెప్పేవాణ్ణి కాదు. సారా వ్యతిరేక ఉద్యమానికి ముందు మా జిల్లాలో నేను కళ్ళారా చూసిన సంగతి చెప్పేవాణ్ణి. మీ పాఠకులకూ అదే చెప్తాను.

1990 అంతర్జాతీయ అక్షరాస్యత సంవత్సరం. ఆ ఏడాదే కేరళలో ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించిన తొలి జిల్లా అయింది. ఆ ఊపు మన వైపుకూ వచ్చింది. నెల్లూరు జిల్లాలో కలెక్టరాఫీసు, జన విజ్ఞాన వేదిక, టీచర్లు కలిసి ఊరూరా రాత్రి బడులు పెట్టారు. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళు రాత్రి పలక పట్టుకుని ఎందుకు కూర్చుంటారు? వాళ్ళను పిలవడానికే కళాజాతాలు, అంటే ఆటపాటలతో ఊరూరా తిరిగే జట్లు, బయల్దేరాయి. నేను అప్పటికి డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై, టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) ట్రైనింగ్ పూర్తిచేసి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ సైన్ బోర్డులు రాసుకుంటున్నాను. బ్యానర్లు రాయడానికి పిలిచారు. జట్టులో ఉండిపోయాను.

బయల్దేరే ముందు మాకు శిక్షణ శిబిరం పెట్టారు. స్టేజీ ఉండదు, మైకు ఉండదు, చుట్టూ జనం ఉంటారు, మధ్యలో మనం. అలాంటిచోట గొంతు ఎలా విప్పాలో, ఎవరికీ వీపు చూపకుండా ఎలా తిరగాలో, డప్పు దెబ్బకు మాట ఎలా కలపాలో నేర్పారు. ఒకరోజు శిబిరం నడిపే ఆయన స్క్రిప్టు పక్కన పడేయమన్నాడు. మా జట్టులోని అమ్మాయిలను పక్క ఊరికి పంపి, అక్కడి ఆడవాళ్ళను ఒక్కటే అడిగి రమ్మన్నాడు: "మీ ఇంటాయనకు కనపడకుండా డబ్బులు ఎక్కడ దాస్తారు?"

మొదట సిగ్గుపడ్డారట. కాసేపటికి ఒకరిని మించి ఒకరు చెప్పారట. బియ్యం డబ్బా అడుగున. పూరిల్లు వాసాల సందున. గొడ్ల చావిట్లో. పసిబిడ్డ ఉయ్యాల గుడ్డ మడతలో. ఎండుమిరపకాయల కుండలో, ఎందుకంటే ఘాటుకు మగవాడు అందులో చెయ్యి పెట్టడు.

ఆ మిరపకాయల కుండ మా నాటికలోకి వచ్చింది. భర్త వేషం కట్టినవాడు సారా ప్యాకెట్టు కోసం ఇల్లంతా వెతుకుతాడు. బియ్యం డబ్బా, వాసాలు, చాప కింద, ఎక్కడా దొరకదు. చివరికి కుండ వైపు తిరుగుతాడు. నేను పెట్రోమాక్స్ లైటు పట్టుకుని పక్కన నిలబడేవాణ్ణి, కాబట్టి నాకు నాటిక కంటే జనం మొహాలు బాగా కనపడేవి. వాడు కుండ వైపు తిరగ్గానే ఆడవాళ్ళు గొల్లున నవ్వేవాళ్ళు. ఆ నవ్వు సగంలో ఆగిపోయేది. పక్కనున్న మనిషి వైపు తిరిగి చూసేవాళ్ళు. నువ్వు కూడా అక్కడేనా, అన్నట్టు. ఒక ఊళ్ళో ముసలమ్మ ఒకామె లేచి, "ఆ దుడ్లు తియ్యబాకరా, బిడ్డ పాలకు పెట్టుకున్నాది!" అని వేషగాడి మీదికి చెయ్యెత్తింది. ఎవరూ ఆమెను కూర్చోమనలేదు.

సమాజం మారడం అంటే పెద్ద పెద్ద మాటలు చెప్తుంటారు. నాకు కనపడిందైతే ఇది. అప్పటిదాకా ఎవరింటి గుట్టు వాళ్ళది. మొగుడు తాగడం నా తలరాత అని ప్రతి ఆడమనిషీ తనలో తాను అనుకునేది. నలుగురి మధ్య అదే సంగతి ఆడి చూపిస్తే, అది అందరి తలరాత అని తెలిసింది. అందరిదీ అయిన తలరాతను మార్చొచ్చని కూడా తోచింది. ఇంతటి పని ఉపన్యాసం చెయ్యలేదు. సారా తాగితే కాలేయం చెడుతుందని డాక్టర్లు అంతకుముందూ చెప్పారు.

రాత్రి బడి వాచకంలో సీతమ్మ కథ ఉండేది, అదీ తాగుడు వల్ల కూలిన కాపురం సంగతే. ఆ తర్వాత మా జిల్లాలోని దూబగుంట ఆడవాళ్ళు తమ ఊళ్ళో సారా కొట్టు మూయించారు. వాళ్ళ గెలుపు మళ్ళీ పాఠమై మిగతా ఊళ్ళకు వెళ్ళింది. 1992లో సారా వేలంపాటలను ఆడవాళ్ళు అడ్డుకున్నారు. 1993 అక్టోబర్ 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. దూబగుంట రోశమ్మ పేరు దేశమంతా తెలిసింది. ఆ ఉద్యమాన్ని నడిపింది ఆడవాళ్ళే, దెబ్బలు తిన్నదీ వాళ్ళే. ఆటపాటలు చేసింది వాళ్ళు ఒకరినొకరు చూసుకునేలా చెయ్యడం వరకే. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయింది, నిజమే. కానీ కుండలో దాచుకున్న డబ్బును తీసి నలుగురిలో కూర్చుని రోజుకో రూపాయి లెక్కన పొదుపు చెయ్యడం మా జిల్లాలో ఆ ఉద్యమం వెనకే మొదలైంది. పొదుపు లక్ష్మి సంఘాలు మద్యనిషేధం పోయినా పోలేదు.

ఇప్పుడు నా అసలు ప్రశ్నకు వస్తాను. ఆ జట్టులో ఉన్నది ఎవరు? పేరున్న కళాకారులు ఒక్కరూ లేరు. ఎలిమెంటరీ బడి టీచర్లు, ఇంటర్ తప్పిన కుర్రాళ్ళు, బీడీలు చుట్టే అమ్మాయి, నాలాంటి బోర్డులు రాసుకునేవాడు. వీళ్ళందరికీ బడిలో ఎవరో ఒకరు ఏదో ఒకటి నేర్పి ఉన్నారు. ఒకరికి స్కూల్ యానివర్సరీకి తెలుగు మాస్టారు వేయించిన నాటకం, ఒకరికి భజన గుడిలో పాట, నాకు డ్రాయింగ్ మాస్టారు చేతికిచ్చిన బ్రష్షు. అవసరం వచ్చేసరికి ఆ కాస్త చదువు చేతిలో ఉంది. ఇవాళ అలాంటి అవసరం మళ్ళీ వస్తే, ఊరికి పదిమంది అలాంటి వాళ్ళు దొరుకుతారా? డ్రాయింగ్ గంటలో లెక్కలు చేసిన పిల్లల్లోంచి దొరకరు.

ఈ సంగతి కొత్తదేమీ కాదు. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావులోని బొమ్మలేసే నేర్పును పసిగట్టి బొంబాయిలోని జె.జె. చిత్రకళా స్కూలుకు పంపించింది కూల్డ్రే అనే కాలేజీ ప్రిన్సిపాల్. రామారావు తిరిగొచ్చి తన ఊళ్ళోనే బొమ్మల బడి పెట్టాడు. 1925లో 28 ఏళ్ళు నిండకుండానే పోయాడు గానీ, ఆ కాలంలో ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కుంచె పట్టారు. ఆడవాళ్ళు గడప దాటడమే కష్టమైన రోజులవి. ప్రజా నాట్య మండలి షేక్ నాజర్ బుర్రకథ చెప్తే ఊళ్ళు కదిలాయంటారు. ఆ గొంతు వెనక ఏళ్ళ తరబడి చేసిన సంగీత సాధన ఉంది. ఇక మాకు దగ్గరిదైన శ్రీకాళహస్తి కలంకారీ. 1950ల చివర్లో చేతివృత్తుల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ పూనికతో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టకపోతే ఆ పని చేసే చేతులు ఆగిపోయేవే. ఇప్పుడు ఆ పట్నంలో ఆడవాళ్ళు కలం పట్టి ఇల్లు నడుపుతున్నారు.

నా క్లాసులో జరిగింది ఒకటి చెప్పాలి. బొమ్మ వెయ్యమంటే మన పిల్లలందరూ ఒకటే వేస్తారు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక గుడిసె, కొబ్బరిచెట్టు, ముందు ఏరు. మా మెట్ట ఊళ్ళలో ఏరూ లేదు, కొబ్బరిచెట్టూ లేదు. అందుకని ఆరో తరగతి వాళ్ళను, "పొద్దున లేచాక మీరు మొదట చూసింది వెయ్యండి" అన్నాను. ఒక పిల్ల బోరింగు దగ్గర వరసగా పెట్టిన బిందెలు వేసింది. చక్కగా వేసింది, సొట్టలతో సహా. వరసకు కాస్త దూరంగా మరో నాలుగు బిందెలు విడిగా ఉన్నాయి. ఇవెందుకమ్మా ఇక్కడున్నాయి అంటే, "అవి మావి సార్. మేము ఆఖర్న పట్టుకోవాల" అంది. క్లాసంతా విన్నది. ఆ వరసలో ముందుండే బిందెల ఇళ్ళ పిల్లలూ అక్కడే ఉన్నారు. నేను ఏ పాఠమూ చెప్పలేదు. ఆ బొమ్మను వరండా గోడకు అతికించాను. తియ్యమని ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు వచ్చారు. తియ్యలేదు. రెండో రోజు ఒక పిల్లవాడు అదే బోరింగు బొమ్మ వేసుకొచ్చాడు. బిందెలన్నీ ఒకే వరసలో ఉన్నాయి. "ఇట్టా ఉండాల కదా సార్" అన్నాడు. ఊళ్ళో బిందెలు మర్నాటికే కలిసిపోయాయని నేను చెప్పను. కానీ ఆ పిల్లవాడు తన కళ్ళతో చూసి, ఎలా ఉండాలో తనే అనుకున్నాడు. లెక్కల గంటలో ఆ అవకాశం రాదు. లెక్కల మాస్టారి తప్పు కాదది, ఆయన పని వేరు.

కాగితం మీద మాత్రం మనకు ఏ లోటూ లేదు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి దాకా కళల చదువు తప్పనిసరి అంది. 2020 విద్యావిధానం కళలకూ సైన్సుకూ మధ్య గోడ ఉండకూడదంది. సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకనం) వచ్చినప్పుడు కళలకూ సంస్కృతికీ గ్రేడు వెయ్యమన్నారు. నేర్పే టీచరు లేని బడిలో కూడా పిల్లలకు 'ఎ' గ్రేడు పడింది. విద్యాహక్కు చట్టం షెడ్యూలులో 6 నుంచి 8 తరగతుల్లో పిల్లలు 100 మంది దాటితే కళలకు పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టర్ ఉండాలని ఉంది. మా పల్లె బడుల్లో ఎన్నిచోట్ల వందమంది దాటుతారు? ఆ సంఖ్య దాటని ఊళ్ళలోనే కూలివాళ్ళ పిల్లలున్నారు. దాటినచోట వేసినవాళ్ళకు ఇచ్చేది గౌరవ వేతనం. ఏటేటా కొనసాగిస్తారో లేదో అనే టెన్షన్‌తో మనిషి పిల్లలకు ఏం నేర్పుతాడు? ఎండల్లో 42 రోజులు టీటీసీ ట్రైనింగ్ చేసి సర్టిఫికెట్ పట్టుకున్న పిల్లలు ఫ్లెక్సీ షాపుల్లో పనిచేస్తున్నారు. నేను దిగిపోయిన కుర్చీలో ఇప్పటికీ ఎవరూ కూర్చోలేదు.

కళాజాతాలు ఇప్పుడూ తిరుగుతున్నాయి కదా అంటారు. తిరుగుతున్నాయి. వ్యాన్‌లో వస్తారు, పథకం పేరుతో పాట పాడతారు, ఫొటో తీసుకుని వెళ్తారు. ఆ కళాకారులను నేను తప్పుపట్టను, వాళ్ళకూ పొట్ట గడవాలి. కానీ జనానికి చెప్పి వెళ్ళే పాట వేరు. డబ్బులు ఎక్కడ దాస్తావమ్మా అని ముందు అడిగి, విని, ఆ తర్వాత కట్టిన పాట వేరు. ఈ రెండోది చెయ్యడానికి శిక్షణ కావాలి. అది బడిలోనే మొదలవ్వాలి.

నేను అడిగేవి కొండంత కోరికలు కావు. డ్రాయింగ్, సంగీతం, క్రాఫ్ట్ పోస్టులు ఎక్కడెక్కడ ఖాళీగా ఉన్నాయో విద్యాశాఖ లెక్క బయటపెట్టి, వచ్చే నోటిఫికేషన్‌లో కలపాలి. వందమంది లేని బడులకు స్కూల్ కాంప్లెక్స్, అంటే చుట్టుపక్కల బడులన్నీ కలిపిన గుంపు, మొత్తానికి ఒక మనిషినైనా ఇస్తే, వారానికో రోజు ఒక్కో ఊరికి వెళ్తాడు. మన చుట్టుపక్కల తోలుబొమ్మలాట వాళ్ళున్నారు, డప్పు నేర్పగలిగేవాళ్ళున్నారు, హరికథ చెప్పేవాళ్ళు ఇంకా మిగిలున్నారు. డిగ్రీ లేదనకుండా వాళ్ళను క్లాసుకు ఇంత అని ఇచ్చి పిలవండి. ఆగస్టు పదిహేనుకు సినిమా పాటకు డాన్సు నేర్పించడంతో సరిపెట్టకండి. హెడ్మాస్టర్లకు ఒక్క మాట: పదో తరగతి సంగతి సరే, ఆరు నుంచి ఎనిమిది దాకా ఆ ఒక్క గంట జోలికి పోకండి. తల్లిదండ్రులు కూడా కమిటీ మీటింగులో ఆ గంట ఏమవుతోందని అడగాలి.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. పది ఫలితాలు వచ్చినప్పుడు పేజీలకు పేజీలు మార్కులు వేస్తారు. ఈ జూలైలో మండలానికి ఒక్క బడికైనా మీ విలేకరిని మధ్యాహ్నం ఆఖరి పీరియడ్‌కు పంపండి. టైంటేబుల్‌లో ఏముందో, క్లాసులో ఏం జరుగుతోందో రెండూ పక్కపక్కన వెయ్యండి. మా మండలానికి వస్తే నేను వెంట ఉండి బడులు చూపిస్తాను.

ఇట్లు,
రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు,
నెల్లూరు జిల్లా