ప్లగ్గు కలవని కంప్యూటర్

సంపాదకులకు నమస్కారం.

ఖమ్మంలో ఇరవై ఏళ్లుగా డీటీపీ షాపు నడుపుతున్నాను. పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీలు మా పని. ఏదో ఆఫీసులో వాడి తీసేసిన చిన్న సైజు బ్రాండెడ్ కంప్యూటర్ ఒకటి రెండేళ్ల కిందట 11 వేలకు కొన్నాను. పేజ్‌మేకర్‌కి, అను ఫాంట్లకి హాయిగా సరిపోయింది. ఫ్లెక్సీల పని పెరిగి గ్రాఫిక్స్ కార్డు వేద్దామంటే, ఆ పెట్టెలో సగం ఎత్తు కార్డు తప్ప పట్టదు. లోపలి భాగాలకు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ చూస్తే 240 వాట్లే. మే నెలలో మా ఊరి ఎండకు లోపలి ఫ్యాను మోతకి ఫోన్‌లో కస్టమర్ మాట వినపడేది కాదు.

సరే, లోపలి సామాను పెద్ద క్యాబినెట్‌లోకి మారుద్దామని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాను అమ్మే సీటీసీకి వెళ్లి 2,300కు క్యాబినెట్, 450 వాట్ల ఎస్ఎంపీఎస్ తెచ్చుకున్నాను. ఒక్క ఆదివారం పని అనుకున్నాను, నాలుగు పట్టింది.

ఎస్ఎంపీఎస్‌కి 24 పిన్నుల ప్లగ్గు ఉంటే, నా మదర్‌బోర్డు, అంటే లోపలి భాగాలన్నీ కలిసే బోర్డు, అడిగేది 6 పిన్నులది. షాపతను ఫోన్‌లోనే నవ్వాడు. "అది కంపెనీ బోర్డు అన్నా, దేనికీ కలవదు" అని ఒక కన్వర్టర్ కేబుల్ పంపాడు. ప్రాసెసర్ మీది కూలర్ స్క్రూలు బోర్డును దాటి నేరుగా పాత పెట్టె రేకులోకే బిగుసుకుని ఉన్నాయి. కొత్త క్యాబినెట్‌లో ఆ చోట రంధ్రాలే లేవు. హార్డ్‌వేర్ షాపులో పొడవాటి బోల్టులు, ప్లాస్టిక్ వాషర్లు కొని బిగించాను. స్విచ్చు తీగ కూడా కలవలేదు, కోసి అతికించాను. వెనక యూఎస్‌బీ రంధ్రాల రేకు పాత పెట్టెలో భాగమే కావడంతో కొత్తదానికి అక్కడ పెద్ద కన్నం మిగిలింది. మా షాపులో బల్లులకు కొదవ లేదు. మిగిలిపోయిన పెళ్లికార్డు అట్ట కత్తిరించి మూశాను. వినాయకుడి బొమ్మ బయటికే ఉంది.

2009లో నేను అసెంబుల్ చేయించుకున్న కంప్యూటర్‌కి రెండుసార్లు క్యాబినెట్ మార్చాను. ఒక్క స్క్రూ కూడా కొత్తది కొనలేదు. స్క్రూ రంధ్రాలకు, ప్లగ్గులకు ఏటీఎక్స్ అనే ఉమ్మడి కొలత 1995 నుంచీ ఉంది కాబట్టే అది కుదిరింది. పెట్టె చిన్నది చేయాలంటే ఏదో ఒకటి తగ్గించాలి, ఒప్పుకుంటాను. ప్లగ్గు ఆకారం మారిస్తే పెట్టె ఎంత చిన్నదవుతుందో మాత్రం నాకు అర్థం కాలేదు.

2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం కంపెనీల రిపేరు వివరాలు ఒకచోట దొరికేలా 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెచ్చింది. సంతోషమే. అయితే కొనేముందే తెలియాలి కదా! ఫ్రిజ్ మీద నక్షత్రాలు అతికిస్తున్నట్టే, కంప్యూటర్ డబ్బా మీద మదర్‌బోర్డు కొలత, పవర్ ప్లగ్గు రకం, బయట దొరికే ఎస్ఎంపీఎస్ పనిచేస్తుందా లేదా అన్నది రాయాలని నిబంధన పెట్టాలి. నాలాగా సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకూ ఆ లేబుల్ పనికొస్తుంది.

నా కంప్యూటర్ ఇప్పుడు చల్లగానే నడుస్తోంది. పాత పెట్టె ముందరి ఫ్యాను కనబడటం లేదని మాత్రం రోజూ పొద్దున్నే ఎర్రర్ చూపిస్తుంది. ఎఫ్1 నొక్కితే గానీ ముందుకు కదలదు. షాపు తెరిచే కుర్రాడికి అదొక్కటి నేర్పాను.

- ఒక డీటీపీ ఆపరేటర్, ఖమ్మం