పాప నర్సింగు చదువు గురించి

డాలస్

అక్కా,

అమ్మకి, బావగారికి నమస్కారాలు. మేం బాగున్నాం, ఆఫీసు నడుస్తోంది. మొన్న ఫోన్లో పాప చదువు మాట సగంలో ఆగింది, అందుకే రాస్తున్నా.

ఇక్కడ డిగ్రీల పేర్లు గజిబిజిగా ఉంటాయి. ఏడీఎన్ అంటే రెండేళ్ల నర్సింగు అసోసియేట్ డిగ్రీ. పట్టా మీద ఏఏఎస్ ఇన్ నర్సింగ్ అనో, ఏఎస్‌ఎన్ అనో ఉంటుంది. ఏదైనా ఎన్‌క్లెక్స్ అనే నర్సు లైసెన్సు పరీక్ష రాసి ఆర్‌ఎన్, అంటే రిజిస్టర్డ్ నర్సు కావచ్చు. టెక్సస్ కమ్యూనిటీ కాలేజీల్లో ఎక్కువగా ఏఏఎసే. జాగ్రత్త పడాల్సింది "ప్రీ-నర్సింగ్" అన్న ఏఎస్, ఏఏ అనే మామూలు అసోసియేట్ డిగ్రీలతో. 60 క్రెడిట్లు పూర్తిచేసినా వాటిలో క్లినికల్స్, అంటే ఆసుపత్రిలో రోగుల దగ్గర శిక్షణ ఉండదు, ఎన్‌క్లెక్స్‌కి కూర్చోనివ్వరు. అవి యూనివర్సిటీకి మారేవాళ్ల కోసం. అందుకే పేరు చూసి చేరొద్దు. స్టేట్ బోర్డ్ ఆఫ్ నర్సింగ్ జాబితాలో ఆ కోర్సు ఉందా, నర్సింగు కోర్సులకి గుర్తింపునిచ్చే ఏసీఈఎన్ సంస్థ గుర్తింపు ఉందా చూడాలి. ఆ గుర్తింపు లేకపోతే తర్వాత బీఎస్‌ఎన్ అనే నర్సింగు బ్యాచిలర్స్ డిగ్రీకి కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకోవు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? మెట్లు ఎక్కనివ్వకు.

రెండేళ్ల చదువంటే తక్కువని బావగారు బెంగపడుతున్నారు కదా. నాలుగేళ్ల బీఎస్‌ఎన్ వాళ్లు రాసేదీ అదే ఎన్‌క్లెక్స్, వచ్చేదీ అదే లైసెన్సు. నిజమే, పెద్ద ఆసుపత్రులు బీఎస్‌ఎన్ అడుగుతాయి. న్యూయార్క్‌లో అయితే 2017 చట్టం ప్రకారం కొత్త ఆర్‌ఎన్‌లు 10 ఏళ్లలో బీఎస్‌ఎన్ చేయాలి. కానీ ఉద్యోగం చేస్తూనే ఆన్‌లైన్లో అది పూర్తిచేయొచ్చు. పాపని తక్కువ చదువుకి పంపమని నేనెందుకు చెప్తాను అక్కా?

ఇంటర్ బైపీసీ ఇక్కడ హైస్కూలు కిందే లెక్క. అనాటమీ-ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, ల్యాబుతో కలిపి ఒక్కోటి 4 క్రెడిట్లు, మళ్లీ చదవాల్సిందే. సి గ్రేడు వస్తే పాసే, కానీ సీట్లకి పోటీ, ఏ గ్రేడు లేకపోతే కష్టం. మూడూ ఒకే సెమిస్టర్లో పెట్టుకోవద్దు. మీరు ఇక్కడికి వచ్చి 12 నెలలు గడిస్తేగానీ స్థానికులకిచ్చే తక్కువ ఫీజు రాదు, ఆ లోపు టీస్, హెసీ అనే నర్సింగు ప్రవేశ పరీక్షలకి చదువుకోనీ.

హెపటైటిస్-బి టీకా ఇప్పుడే మొదలుపెట్టించు. మూడు డోసులు, మొదటిదానికీ చివరిదానికీ 6 నెలలు. అది పూర్తికాకపోతే క్లినికల్స్‌కి పంపరు. చిన్నప్పటి బీసీజీ వల్ల టీబీ చర్మపరీక్ష పాజిటివ్ చూపించొచ్చు, దానికి బదులు రక్తపరీక్ష చేయమని అడగాలి. టీకా కాగితాల మీద తేదీలు, డాక్టరు ముద్ర ఉండేలా చూసి, పాస్‌పోర్టుతో పాటు చేతిసంచిలో పెట్టండి.

నీ తమ్ముడు