హాబిట్‌ను ఆ చట్రంలో బిగించకండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో టోల్కీన్ రాసిన ‘ది హాబిట్’ మీద వచ్చిన వ్యాసం చదివాను. ఇంత మంచి పిల్లల నవలకి తెలుగు పత్రికలో అంత చోటు ఇచ్చినందుకు సంతోషమే, కానీ అందులో హీరో బిల్బో కథ మొత్తం, పురాణగాథల పండితుడు జోసెఫ్ క్యాంప్‌బెల్ చెప్పిన హీరోస్ జర్నీకి (హీరో ఇల్లు వదిలి, కష్టాలు దాటి, ఏదో సాధించి తిరిగొచ్చే మెట్ల వరసకి) అచ్చు గుద్దినట్టు సరిపోతుందని తేల్చేశారు చూడండి, అది మాత్రం ఒప్పుకోలేను.

మొదటి సగం వరకూ సరే. ఇంట్లో హాయిగా కూర్చున్నవాణ్ణి గాండాల్ఫ్ అనే మాంత్రికుడు వచ్చి, డ్రాగన్ కాజేసిన నిధి కోసం వెళ్లే మరుగుజ్జుల వెంట రమ్మని కదిలించడం, రానంటే రానని మొరాయించడం, చివరికి జేబురుమాలు కూడా మర్చిపోయి పరుగెత్తడం, కొండ లోపల చీకట్లో ఉంగరం దొరకడం, ఇవన్నీ క్యాంప్‌బెల్ 17 మెట్లలో ఎక్కడో ఒకచోట కూర్చుంటాయి. అలాగని టోల్కీన్ ఆయన్ని చూసి రాశాడనుకోవద్దు. హాబిట్ వచ్చింది 1937లో, క్యాంప్‌బెల్ పుస్తకం 1949లో. ఇద్దరూ పాత గాథలను ఔపోసన పట్టినవాళ్లే, కాబట్టి పోలికలు ఉంటాయి.

చిక్కంతా డ్రాగన్ దగ్గర వస్తుంది. ఆ పద్ధతి ప్రకారమైనా, మన జానపద సినిమాల లెక్క ప్రకారమైనా దాన్ని హీరోనే చంపాలి కదా! కానీ స్మాగ్ అనే ఆ డ్రాగన్‌ను చంపింది బార్డ్ అనే విలుకాడు, అప్పటిదాకా కథలో దాదాపు లేనివాడు. పోనీ చివరి యుద్ధంలోనైనా బిల్బో ఏమన్నా చేశాడా అంటే, తలకి రాయి తగిలి స్పృహ తప్పి పడిపోతాడు, లేచేసరికి అంతా అయిపోయి ఉంటుంది.

మరి అతని ధైర్యం ఎక్కడుంది? డ్రాగన్ గుహలోకి దిగే సొరంగంలో. ఒంటరిగా నడుస్తుంటే ఎదురుగా ఎర్రటి వెలుగు, ఒళ్లంతా చెమటలు పట్టేంత వేడి, పెద్ద కుండ కుతకుతలాడుతున్నట్టు గురక. అక్కడ ఆగిపోతాడు. అక్కణ్ణుంచి ముందుకి అడుగు వేయడమే అతను జీవితంలో చేసిన అత్యంత సాహసమైన పని అని, అసలు యుద్ధం ఆ సొరంగంలోనే జరిగిందని టోల్కీన్ స్వయంగా చెప్తాడు. ఇంకా డ్రాగన్‌ను చూడనేలేదు!

ఆర్కెన్‌స్టోన్ సంగతి ఇంకా గొప్పది. మరుగుజ్జుల నాయకుడు థోరిన్ ప్రాణం కన్నా ఎక్కువగా వెతుక్కుంటున్న ఆ రత్నాన్ని, యుద్ధం తప్పించాలని బిల్బో రాత్రికి రాత్రి, నిధిలో వాటా అడుగుతున్న అవతలి పక్షం చేతుల్లో పెట్టేస్తాడు, వాళ్లు ఇక్కడే ఉండిపొమ్మన్నా వినకుండా స్నేహితులను వదలలేక మళ్లీ వెనక్కి వెళ్తాడు, తెల్లారాక నిజం తెలిసిన థోరిన్ అతన్ని గోడ మీంచి రాళ్ల మీదికి విసిరేయబోతాడు. నిధి సాధించి తన వాళ్లకి తెచ్చిపెట్టే క్యాంప్‌బెల్ హీరో ఈ బిల్బోనేనా? ఊరికి తిరిగొస్తే పోయాడనుకుని ఇంట్లో సామానంతా వేలం వేసేస్తుంటారు, పైగా ఉన్న పరువు కూడా పోతుంది. అర్థాలు సాగదీస్తే దీన్ని కూడా ఏదో మెట్టు మీద కూర్చోబెట్టొచ్చు, కానీ అలా సాగదీస్తే ఏ కథ పట్టదు చెప్పండి?

నేను ఇంటర్ పిల్లలకి ఇంగ్లీషు చెప్తాను. ఈమధ్య నవల ఇస్తే పిల్లలు ముందు మెట్లు లెక్కపెడుతున్నారు, బిల్బో ఆ రాయి ఎందుకు ఇచ్చేశాడని అడిగితే మాత్రం నోరు మెదపరు. దయచేసి ఈసారి హాబిట్ గురించి వేసేటప్పుడు ఆ మెట్లన్నీ చూపించే గుండ్రటి బొమ్మ తీసేసి, ఆ సొరంగం ఘట్టాన్ని తెలుగులో చెప్పించి వేయండి. నా క్లాసులో చదివిస్తాను.

– ఒక పాఠకురాలు, హనుమకొండ