గుర్రం ఊరు చెప్పేది ఎముక కాదు, పన్ను

సంపాదకునికి,

లండన్ వెస్ట్‌మినిస్టర్‌లో 1990లలో బయటపడ్డ మధ్యయుగపు గుర్రాలు స్కాండినేవియా, ఆల్ప్స్ ప్రాంతాల నుంచి వచ్చాయన్న మీ వార్తలో 'ఎముకలు పరీక్షించారు' అని రాశారు. పరీక్షించింది పంటి ఎనామిల్‌ని, అంటే పంటిని కప్పే గట్టి పూతని. మేత, నీళ్ల ద్వారా స్ట్రాన్షియం అనే మూలకం పంట్లో చేరుతుంది; దాని రకాల పాళ్లు రాతినేలను బట్టి మారతాయి, కాబట్టి గుర్రం పెరిగిన చోటుకి అది ఆనవాలు. ఎముకా, డెంటినూ (ఎనామిల్ కింది పంటి భాగం) పాతిన నేలలోని స్ట్రాన్షియాన్ని పీల్చుకుంటాయి. అలాగైతే ప్రతి గుర్రమూ లండన్‌దేనని తేలుతుంది! ఎనామిల్ గట్టిది, అంత తేలిగ్గా మారదు. గుర్రపు దవడపళ్లు సుమారు ఐదేళ్ల వయసు దాకా, నమిలే అంచు నుంచి వేరు వైపు ఏర్పడతాయి. అందుకే పైపొర గీకేసి, పంటి పొడవునా వరుసగా నమూనాలు తీసి స్ట్రాన్షియం 87, 86 ఐసోటోపుల (ఒకే మూలకంలో వేర్వేరు బరువులున్న పరమాణువుల) నిష్పత్తి కొలుస్తారు; ఆక్సిజన్ ఐసోటోపులు వాతావరణం చెబుతాయి. పరీక్షించిన 15 గుర్రాల్లో కనీసం సగం విదేశాల నుంచి వచ్చి ఉంటాయని అంచనా. అయితే ఒకేరకం రాతినేల పలు దేశాల్లో ఉంటుంది. ఎక్కడివి కావో చెప్పినంత గట్టిగా ఎక్కడివో ఈ పద్ధతి చెప్పలేదు. స్కాండినేవియా, ఆల్ప్స్ పేర్ల పక్కన 'కావచ్చు' అన్న మాట ఉండాల్సింది.

– ఒక పురావస్తు విద్యార్థి