పన్నెండో నిమిషం దగ్గర ఆపి చూడు

చిట్టీ,

ఇక్కడ అందరం బాగున్నాం. మృగశిర కార్తె కదా, నిన్న రామ్‌నగర్ మార్కెట్లో చేపల కోసం జనం రోడ్డు మీదికి వచ్చేశారు. మీ నాన్న బండేసుకుని వెళ్ళి గంటన్నర తర్వాత రెండు కిలోల కొర్రమీను పట్టుకొచ్చారు. నీ వాటా కూడా కిట్టు గాడే లాగించాడు. కొత్త ఆవకాయ మూడో రోజు తిరగగలిపి నీ జాడీ విడిగా తీసిపెట్టాను, ఈసారి నూనె పైకి బాగా తేలింది.

నువ్వు ఫోన్ ఎత్తి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. మెసేజ్ పెడితే నీలం టిక్కులు పడుతున్నాయి, అంటే చూస్తున్నావు, అంతవరకు ధైర్యంగానే ఉన్నాను. ఫోన్‌లో అయితే "ఊఁ, బానే ఉన్నా, మళ్ళీ చేస్తా" అని పెట్టేస్తావు కాబట్టి ఇలా తీరిగ్గా రాస్తున్నాను. అన్నం తిన్నాక చదువు, ఖాళీ కడుపుతో చదవకు.

మొన్న నిజాంపేటలో పద్మత్తయ్య వాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళాం. ఇల్లు బాగుంది, వంటింట్లోకి గాలి రాదు కానీ. వ్రతం దగ్గర కూర్చుని ఉంటే పద్మత్తయ్య నా చెవి దగ్గరికొచ్చి "చిట్టి ఉద్యోగం మానేసిందట కదా వదినా, రూములో కూర్చుని బొమ్మల వీడియోలు చేసుకుంటోందట, హరీష్ చెప్పాడు" అంది. నేను తడబడకుండా "సెలవు పెట్టింది" అన్నాను. అబద్ధమో నిజమో నాకే తెలీదు. మీ నాన్నకి ఆ మాట ఇంకా చెప్పలేదు. నేనిప్పుడు ఆ సంగతి నిన్ను నిలదీయడానికి రాయడం లేదు, అది నువ్వు చెప్పాలనుకున్నప్పుడు చెప్పు.

అసలు సంగతి కిట్టు చెప్పాడు. నువ్వు వీడియో పంపిన పోటీ వాళ్ళు ఫైనల్స్‌కి తీసుకున్న వీడియోల జాబితా పెట్టారట, అందులో నీ పేరు లేదట. తేదీ అడిగి లెక్కపెట్టుకున్నాను. నువ్వు ఫోన్ ఎత్తడం మానేసిన రోజూ అదే.

మీ నాన్న ఎప్పుడూ అడిగే మాట ఒకటే, "గెలిస్తే ఏమొస్తుంది?" అని. ఆయన తప్పు కాదు, ఆయనకి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. నువ్వు నాకు చెప్పినవన్నీ నేను ఆయనకి చెప్పాను. అమెరికాలో 1982లో జిమ్ కపోస్టాస్ అనే ఇరవయ్యొక్కేళ్ళ కుర్రాడు రెండు వీసీఆర్‌లు ఒకదానికొకటి కలిపి, జపాన్ కార్టూన్‌లోని యుద్ధం ముక్కలు తీసి, ప్రేమ గురించి పాడే బీటిల్స్ పాట మీద అతికించాడట, మొదటి ఏఎంవీ, అంటే యానిమే అనే జపాన్ కార్టూన్లతో చేసే మ్యూజిక్ వీడియో, అదే అంటారట. లాస్ ఏంజెలెస్‌లో యానిమే ఎక్స్‌పో, వాషింగ్టన్‌లో ఒటాకాన్, అట్లాంటాలో యానిమే వీకెండ్, పారిస్‌లో జపాన్ ఎక్స్‌పో, ఈ అభిమానుల జాతరలన్నిటిలో ఏఎంవీ పోటీ ఉంటుందని, పెద్ద హాల్లో లైట్లు ఆర్పి తెర మీద వేస్తారని, జనం నవ్వే చోట నవ్వి, నిశ్శబ్దంగా ఉండాల్సిన చోట ఊపిరి బిగబట్టి చూస్తారని చెప్పాను. యాక్షన్, కామెడీ, డ్రామా అని విభాగాలుంటాయి, అన్నిటి మీదా ఒకటి "బెస్ట్ ఇన్ షో" అంటే ఆ మనిషి పేరు ఎడిటర్లలో ఏళ్ళ తరబడి నిలబడిపోతుందని కూడా. పాటా నీది కాదు, బొమ్మా నీది కాదు కాబట్టి దాన్ని అమ్ముకోవడానికి లేదు. అమ్ముకోలేని దానికి మిగిలేది పేరొక్కటే, అందుకే ఆ పేరుకి అంత బరువు. ఆయన అంతా విని "మరి మన హైటెక్స్‌లో కామిక్ కాన్‌లో పెట్టరా?" అన్నారు. నువ్వు నన్ను తీసుకెళ్ళినప్పుడు అక్కడ వేషాల పోటీకి జనం ఎట్లా ఎగబడ్డారో గుర్తొచ్చింది. ఎడిటింగ్ చేసే పిల్లలకి కూడా ఇక్కడే అట్లాంటి హాలొకటి దొరికితే ఎంత బాగుండు, రాత్రి రెండింటికి లేచి అమెరికా టైముకి ఫలితాలు చూసుకునే బాధ తప్పుతుంది. నిద్ర లేకపోతే నీకు కుడి కన్ను కింద వాస్తుంది, అది చిన్నప్పటి నుంచీ ఉన్నదే.

ఆ వీసీఆర్ కుర్రాడి సంగతి నువ్వు చెప్పినప్పుడు నేనెందుకు అంతసేపు మాట్లాడకుండా ఉండిపోయానో నీకు ఇప్పుడు చెప్తాను. చిక్కడపల్లిలో గానసభ వెనక సందులో మన షాపు నీకు లీలగా గుర్తుండొచ్చు, నీకు ఊహ తెలిసేసరికి కంప్యూటర్ వచ్చేసింది. అంతకు ముందు, నేను పెళ్ళయి వచ్చిన కొత్తలో, మీ నాన్న కెమెరా పట్టుకుని ఫంక్షన్ హాళ్ళకి పోతే మిక్సింగ్, అదే ఎడిటింగ్, నేనే చేసేదాన్ని. మిక్సర్ కొనడానికి డబ్బుల్లేవు, ఉన్నవి రెండు వీసీఆర్‌లు. ఒకదాంట్లో షూట్ చేసిన క్యాసెట్, రెండోదాంట్లో ఖాళీ క్యాసెట్. రెండోదాన్ని రికార్డులో పెట్టి పాజ్ నొక్కి, మొదటిదాంట్లో కావలసిన షాట్ వెతికి, కొంచెం వెనక్కి తిప్పి, ప్లే చేసి, సరిగ్గా ఆ చోటు రాగానే పాజ్ వదలాలి. పాజ్ ఐదు నిమిషాలు దాటితే టేపుని చదివే హెడ్డు అరిగిపోకుండా మిషన్ దానంతట అదే ఆగిపోయేది. ఆగిపోతే అతుకు దగ్గర బొమ్మ చిరిగి రంగుల గీతలు పడేవి. అందుకని ఏ షాట్ కౌంటర్లో ఎన్నో నంబరు దగ్గర ఉందో ముందే నోటుబుక్కులో రాసుకుని కూర్చునేదాన్ని.

1996లో, మాఘమాసం, మారేడ్‌పల్లి వాళ్ళ పెళ్ళి. తలంబ్రాల దగ్గర ఆ పిల్ల నవ్వు చూశాను. సిగ్గుతో నవ్వే నవ్వు కాదు, పందెం గెలవాలని పళ్ళు బిగబట్టి నవ్వడం. ఒక్కసారి వేసింది, అతను తల వంచాడు, వెనక వాళ్ళ అమ్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దీన్ని అందరిలాగా సినిమా పాట పెట్టి వదిలేయడానికి నాకు మనసు ఒప్పలేదు. డోలు సన్నాయి క్యాసెట్టు ఒకటి తీసి, టేప్‌రికార్డర్లో పెట్టి, డోలు దెబ్బ పడిన ప్రతిచోటా స్టాప్‌వాచీ నొక్కి సెకన్లు రాసుకున్నాను. ఒక్కో దెబ్బకి ఒక్కో దోసిలి. నలభై సెకన్లలో పద్నాలుగు కట్‌లు. బొమ్మలన్నీ ముందు ఆ కొలతకి అతికించి, ఆడియో డబ్ నొక్కి, అదే క్షణంలో రెండో చేత్తో టేప్‌రికార్డర్ ప్లే నొక్కాలి. అర సెకను తేడా వస్తే గింజలు ఒక చోట, దెబ్బ ఇంకోచోట. మొదటి రాత్రి తొమ్మిదో కట్ దగ్గర కరెంటు పోయింది. రెండో రాత్రి నువ్వు లేవు ఇంకా, కడుపుతో కూడా లేను, కానీ మీ నాయనమ్మకి జ్వరం, మధ్యలో లేచి గంజి కాచి వచ్చేసరికి మిషన్ ఆగిపోయి ఉంది. మూడో రాత్రి నాలుగింటికి అయింది. డోలు కొట్టినప్పుడల్లా బియ్యం గాల్లోకి లేస్తోంది చిట్టీ, నేను ఒక్కదాన్నే ఆ చిన్న టీవీ ముందు కూర్చుని ఎనిమిదిసార్లు చూసుకున్నాను.

పెళ్ళివాళ్ళు వచ్చారు. పెళ్ళికొడుకు పెదనాన్న రిమోట్ తీసుకుని తలంబ్రాలు ఫార్వర్డ్ కొట్టి భోజనాల దగ్గర ఆపాడు. వాళ్ళ బావగారు వీడియోలో రెండుసార్లే పడ్డారట, అదీ పక్క నుంచి. "పని సరిగ్గా రాలేదు" అని రెండు వందలు తగ్గించి ఇచ్చి పోయారు. పది రోజులు నేను ఆ గదిలోకి పోలేదు. వంట చేశాను, బట్టలు ఉతికాను, ఎవరితోనూ మాట్లాడలేదు. మీ నాన్న క్యాసెట్లన్నీ పోగుపెట్టుకుని నా చుట్టూ తిరిగేవారు. (నువ్వెవరి పోలికో అందరూ అడుగుతుంటారు.)

పదకొండో రోజు కోఠీలో మిక్సింగ్ చేసే ఒక పెద్దాయన కేబుల్ అడగడానికి వచ్చాడు. మిషన్‌లో ఆ మాస్టర్ క్యాసెట్టే ఉండిపోయింది. మీ నాన్న ఊరికే ఆన్ చేశారు. ఆయన నిలబడే చూశాడు. వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. మూడోసారి కుర్చీ లాక్కుని కూర్చుని, వంటింటి వైపు తిరిగి "ఈ కట్ ఎట్ల పట్టినవమ్మా? మిక్సర్ లేదు గద నీ దగ్గర?" అన్నాడు. అంతే. ఆయన కేబుల్ తీసుకుని వెళ్ళిపోయాడు. నేను ఆ సాయంత్రం నోటుబుక్కు తెరిచాను.

నువ్వొకసారి చెప్పావు చూడు, ఒక పోటీలో వీడియోలు పంపిన ఎడిటర్లే ఒకరి పని ఒకరు చూసి ఓట్లేస్తారని, అందులో నెగ్గడమే నీకు కావాలని. నాకది అప్పుడే అర్థమైంది. హాల్లో వెయ్యి మంది చప్పట్లు వేరు, ఆ పని తెలిసినవాడు వెనక్కి తిప్పి చూడడం వేరు. అందుకే ఆ జాబితాలో పేరు లేకపోతే ఎంత కాల్చేస్తుందో కూడా నాకు తెలుసు. "పోనీలే, వీడియోనే కదా" అని నేను ఏనాడూ అనను. అన్నవాళ్ళతో నువ్వు వాదించకు, నీరసం.

నీ వీడియో నేను చూశాను. కిట్టు పెద్ద టీవీకి పెట్టి ఇచ్చాడు, నాలుగుసార్లు చూశాను. రైలు కిటికీలో ఆ అమ్మాయి ముఖం, అద్దం మీద చినుకు జారుతుంటే నువ్వు డ్రమ్ము మీద కట్ చేయలేదు. డ్రమ్ముకి ముందు, పాడే మనిషి ఊపిరి లోపలికి పీల్చుకునే చప్పుడు వస్తుంది, అక్కడ కట్ చేశావు. ఆ అమ్మాయే ఊపిరి పీల్చుకున్నట్టుంది. అది నీకెవరు నేర్పారు? సెకనుకి ఇరవై నాలుగు ఫ్రేముల్లో ఆ ఒక్క ఫ్రేము కోసం నువ్వు ఎన్ని గంటలు కూర్చున్నావో నేను చెప్పగలను.

కానీ రెండో నిమిషంలో నాకు నచ్చలేదు. పాటలో నిప్పు అనగానే తెర మీద నిప్పు, పడిపోవడం అనగానే పడిపోవడం, దానికి తోడు తెల్లటి మెరుపులు, తెర వణకడం. అంత అవసరం లేదు తల్లీ. మొదటి నిమిషంలో నువ్వు చూసేవాళ్ళని నమ్మావు, రెండో నిమిషంలో భయపడ్డావు. నేనూ మిక్సర్ కొన్నాక హృదయం ఆకారంలో బొమ్మ తెరుచుకునే ఎఫెక్టు అన్ని పెళ్ళిళ్ళకీ వాడాను, ఇప్పుడు చూడలేను. ఇంకో సంగతి, కింద ఎడమ మూల ఒకచోట సబ్‌టైటిల్ తాలూకు సగం అక్షరం కనిపించింది. నీ పోటీల నియమాల్లో సబ్‌టైటిళ్ళు, చానల్ గుర్తులు ఉండకూడదని నువ్వే అన్నావు కదా. వాళ్ళు దానికే తీసేశారో ఏమో, చూసుకో.

పాట విషయం కూడా జాగ్రత్త. 2005లో విండ్-అప్ అనే రికార్డు కంపెనీ తమ బ్యాండ్ల పాటలు వాడిన ఏఎంవీలన్నీ తీసేయమంటే, ఆ వీడియోలు పెట్టే సైటు వాళ్ళు తీసేయాల్సి వచ్చిందని నువ్వే చెప్పావు. కాబట్టి నీ ప్రాజెక్టు ఫైళ్ళు రెండు హార్డ్‌డిస్కుల్లో దాచు, ఒకటి ఇక్కడికి పంపు, బీరువాలో పెడతాను. డబ్బుల మాట కూడా వచ్చింది కాబట్టి అంటున్నాను, ఏ పనికైనా అద్దె కట్టే దారి ఒకటి పక్కన ఉండాలి, నేను పెళ్ళి క్యాసెట్లు చేస్తూనే తలంబ్రాలు చేసుకున్నాను, ఉద్యోగం ఉంటే ఎవరికీ జవాబు చెప్పే పని ఉండదు, నిద్రపోవచ్చు, పోయినసారిలాగా మూడు పూటలూ మ్యాగీ తినే గతి పట్టదు. ఇదిగో, చెప్పకూడదనుకున్నదే చెప్పేశాను. ఒకవేళ మానేసి ఉంటే మానేశానని ఒక్క ముక్క రాయి. మీ నాన్నతో నేను మాట్లాడతాను. రూము అద్దె ఈ నెల నేను వేస్తాను, చీటీ డబ్బులు వచ్చాయి, కిట్టు ఫీజు పోను ఉన్నాయి.

రేపు రాత్రి బస్సుకి పార్సిల్ వేస్తున్నాను. ఆవకాయ, కందిపొడి, సున్నుండలు పదహారు, నీ రూమ్మేట్‌కి కూడా పెట్టు. జాడీ మూత బిగుసుకుపోతే గుడ్డ పట్టి తిప్పు, చాకుతో పొడవకు. కందిపొడి డబ్బా అడుగున ప్లాస్టిక్ కవర్లో ఒక పెన్‌డ్రైవ్ ఉంది. ఆ మాస్టర్ క్యాసెట్‌కి బూజు పట్టింది, కోఠీలో ఒకతను తుడిచి కంప్యూటర్లోకి ఎక్కించి ఇచ్చాడు. పన్నెండో నిమిషం దగ్గర తలంబ్రాలు మొదలవుతాయి. పదకొండో కట్ కొంచెం ఆలస్యంగా పడిందని నాకు ఎప్పటి నుంచో అనుమానం. వెనక్కి తిప్పి చూసి, ఎన్ని ఫ్రేములు ఆలస్యమో ఫోన్ చేసి చెప్పు. రాత్రి పదకొండు దాటినా పర్లేదు, మేలుకునే ఉంటాను.

అమ్మ