చిన్నోడి పళ్లకు గార పట్టలేదమ్మా

డెన్వర్
2025 అక్టోబర్ 12

అమ్మకు, బాపుకు,

ఇక్కడ అందరం బాగున్నాం. మా పక్కింటి పెద్దమ్మ వచ్చే వారం హైదరాబాద్ వస్తోంది. ఆమె చేతికి ఈ ఉత్తరం, ఒక చిన్న సంచీ ఇచ్చి పంపుతున్నా. బావ ఎట్లాగూ పని మీద సిటీకి పోతాడు కదా, ఉప్పల్‌లో వాళ్లింటికి వెళ్లి తీసుకుంటానన్నాడు.

ఫోన్లో చెబుదామంటే నువ్వు మాట పూర్తి కానివ్వవు అమ్మా. మొన్న వీడియో కాల్‌లో చిన్నోడు నవ్వితే పళ్లు పచ్చగా కనిపించాయి. అంతే, "నా మనవడికీ గార పట్టింది" అని ఏడుపు మొదలుపెట్టావు. "అది ఫ్లోరైడ్ పూత అమ్మా, డాక్టరమ్మే వేసింది" అని నేను అనేసరికి ఫోన్ బాపు చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయావు. అప్పటినుంచి నాతో అన్నం తిన్నావా, పడుకున్నావా తప్ప వేరే మాట లేదు. నాకు అది చాలా కష్టంగా ఉంది. బాపు నిదానంగా చదివి వినిపిస్తాడు, మధ్యలో లేవకుండా చివరిదాకా విను.

ఆ పచ్చ రంగు మర్నాడు బ్రష్ చేయగానే పోయింది. అది ఆ పూత రంగు. కుంచెతో పళ్ల మీద రాస్తారు, ఉమ్మి తగలగానే గట్టిపడి కొన్ని గంటలు అంటుకుని ఉంటుంది. ఆ రాత్రి పళ్లు తోమొద్దన్నారు, వేడివి, గట్టివి పెట్టొద్దన్నారు. పెరుగన్నం పెట్టి పడుకోబెట్టాను. ఇప్పటి పళ్ల ఫొటో సంచీలో ఉంది, కళ్లద్దాలు పెట్టుకుని చూడు.

నీ భయం నాకు తెలియదనుకోకు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ తాగి ఎముకలు వంగిపోయిన మన మర్రిగూడలో, ఆ పేరు వింటే ఎవరి గుండె ఆగదు? బాపు పక్కకు చూడాలంటే మెడ తిరగదు, ఒళ్లంతా తిప్పాలి. అత్తమ్మ నడుము వంగిపోయి చివరికి ఆకాశం చూడలేకపోయింది. నన్ను చూడటానికి వచ్చినవాళ్లు గార పట్టి మచ్చలు పడ్డ నా పళ్లు చూసి, టీ కూడా తాగకుండా లేచిపోయిన రోజు నువ్వు వంటింట్లో కూర్చుని ఏడవడం నేను చూశాను. వాజ్‌పేయి గారు ప్రధానిగా ఉన్నప్పుడు ఫ్లోరైడ్‌తో ఒళ్లు వంకరపోయిన మన శివన్నగూడెం అంశాల స్వామిని ఢిల్లీ తీసుకెళ్లి ఆయన ముందు బల్ల మీద పడుకోబెట్టి చూపించారు కదా. ఆ స్వామి 2023 జనవరిలో పోయాడని తెలిసిన రోజు నువ్వు ఫోన్లో ఒక్క మాట మాట్లాడలేదు. అట్లాంటి ఊరి పిల్ల తన పిల్లల నోట్లో ఫ్లోరైడ్ ఎట్లా పెట్టనిచ్చింది అని నువ్వు అడగాల్సిందే. నేను కూడా డాక్టరమ్మను అదే అడిగాను, పూత వేయకముందే.

ఆమె నా పళ్లు చూసి, ఎక్కడ పుట్టావు అని అడిగింది. చెప్పాను. "ఈ కొలరాడో రాష్ట్రంలోనే మొదట కనిపెట్టిన జబ్బు ఇది" అంది. నువ్వొచ్చినప్పుడు పైక్స్ పీక్ కొండ చూడటానికి పోయాం గుర్తుందా, చలికి నా శాలువ కూడా నువ్వే కప్పుకున్నావు. ఆ కొండ కింద ఊరే కొలరాడో స్ప్రింగ్స్. 1901లో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర పళ్ల డాక్టరు అక్కడ ప్రాక్టీసు పెడితే, ఆ ఊళ్లో పుట్టి పెరిగిన చాలామంది పిల్లల పళ్లు గోధుమరంగు మచ్చలతో కనిపించాయట. అచ్చం మన బడిలో పిల్లల్లాగే. కారణం తేలడానికి 30 ఏళ్లు పట్టింది. 1931లో చర్చిల్ అనే కెమిస్టు నీళ్లు పరీక్ష చేసి ఫ్లోరైడ్ అని తేల్చాడు. అదంతా వింటుంటే, ఎక్కడో అమెరికాలో కూడా ఒక అమ్మ తన బిడ్డ పళ్లు చూసి ఇట్లాగే కుమిలిపోయి ఉంటుందని అనిపించి కళ్లలో నీళ్లొచ్చాయి నాకు.

అయితే మెకే ఇంకో సంగతి గమనించాడు. ఆ మచ్చల పళ్లు తొందరగా పుచ్చిపోవడం లేదు. ఫ్లోరైడ్ ఎంత ఉంటే మచ్చలు రాకుండానే పిప్పిపళ్లు తగ్గుతాయి అని చాలా ఏళ్లు లెక్కలు కట్టి, 1945లో మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్ అనే ఊళ్లో మొదటిసారి నీళ్లలో కొద్దిగా కలిపారు. ఇప్పుడు మా డెన్వర్ నీళ్లలో లీటరుకు 0.7 మిల్లీగ్రాములు ఉండేలా చూస్తారు.

బాపూ, ఈ లెక్క నీకు. బడిలో ఇన్నేళ్లు లెక్కలు చెప్పావు, అమ్మకు నువ్వే విడమర్చి చెప్పాలి. మన దేశంలో తాగే నీళ్లకు పెట్టిన హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5 దాకా. మన పాత బోరులో 5 ఉందనుకో. ఎండాకాలం మనిషి మూడు నాలుగు లీటర్లు తాగుతాడు, అన్నం, పప్పు కూడా ఆ నీళ్లతోనే. అంటే రోజుకు 15 మిల్లీగ్రాములు దాటుతుంది, అదీ పుట్టినప్పటినుంచి. ఇక చిన్నోడికి బ్రష్ మీద నేను వేసే పేస్టు బియ్యపు గింజంత. దాంట్లో ఉండేది 0.1 మిల్లీగ్రాము. వాడు ఉమ్మకుండా మొత్తం మింగినా అంతే. మూడేళ్లు నిండాక బఠాణీ గింజంత వేస్తారు, అప్పుడు ఉమ్మడం నేర్పాలి.

పంటి మీద పూసింది పంటి పైపొరను గట్టిపరుస్తుంది. కడుపులోకి ఎక్కువగా పోయింది ఎముకల్లో చేరుతుంది. గార పట్టేది కూడా లోపల పన్ను తయారయ్యే వయసులో, దాదాపు ఎనిమిదేళ్లలోపు, ఎక్కువ మింగితేనే. నాకు జరిగింది అది. అందుకే పేస్టు ట్యూబు పిల్లలకు అందకుండా పైన అల్మారాలో పెడతాను, మన మందుల డబ్బా పెట్టినట్టు.

అమెరికాలోనే తీసేస్తున్నారట కదా అని నువ్వు అడుగుతావు బాపూ, పేపర్లో చదివే ఉంటావు. నిజమే, పక్కనే ఉన్న యూటా రాష్ట్రం ఈ మే నెల నుంచి నీళ్లలో కలపడం మానేసింది. కెనడాలో మన పెద్దమ్మ కొడుకు ఉండే కాల్గరీ 2011లో మానేసి, పిల్లల పళ్లు పాడవుతున్నాయని ఈ ఏడాదే మళ్లీ మొదలుపెట్టింది. అందరి నీళ్లలో కలపాలా వద్దా అని వీళ్లు కొట్టుకుంటున్నారు, కొట్టుకోనీ. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పిల్లల తెలివి మీద కూడా ప్రభావం ఉండొచ్చని ఇక్కడి ప్రభుత్వ శాస్త్రవేత్తలే 2024లో రాశారు, మన ఊరికి ఆ మాట వర్తిస్తుంది. గింజంత పేస్టుతో బ్రష్ చేయడం ఆ తగాదాలో లేదు.

ఉద్యోగం నడుస్తోంది. కొత్త మేనేజర్ వచ్చాడు. మీ అల్లుడికి పని ఎక్కువే గానీ టెన్షన్ ఏమీ లేదు.

మా బుజ్జికి ముందు పన్ను ఊడింది! పేడలో పెట్టి ఇంటి మీదికి విసరాలని నువ్వు వీడియోలో చెప్పావట, ఇక పట్టుకుంది. మూడంతస్తుల అపార్ట్‌మెంట్, పేడ ఎక్కడ తేవాలి? బడిలో వేరే పిల్లలు దిండు కింద పెట్టుకుంటారట, దేవకన్య వచ్చి డబ్బులిస్తుందట. "నాది అమ్మమ్మ ఇంటి మీదికే" అని కాగితంలో చుట్టి దాచింది. సంక్రాంతికి వచ్చినప్పుడు తెస్తుంది. నువ్వు పేడ సిద్ధం చేసి ఉంచు, దానికి చాలా ఆశగా ఉంది.

దానికి వెనక దవడలో కొత్త పన్ను కూడా వచ్చింది. ఆరేళ్లకు వచ్చే ఈ పన్ను పాలపన్ను ఊడకుండానే అన్నిటికంటే వెనక వస్తుంది కాబట్టి పాలపన్నే అనుకుంటాం. కానీ జీవితాంతం ఉండాల్సింది అదే. దాని మీద లోతు గీతలుంటాయి, బిస్కెట్ ముద్ద వాటిల్లో ఇరుక్కుంటే బ్రష్ కుచ్చులు కూడా లోపలికి పోవు. ఆ గీతలు మూసేలా ఒక పూత వేస్తారు, వచ్చే నెల వేయిస్తున్నాం. నొప్పి ఉండదు, సూది ఉండదు, నువ్వు కంగారు పడకు.

ఇక అక్క కొడుకు చింటూ సంగతి ఎట్లా రాయాలో తెలియక ఇంతసేపు ఆగాను. బతుకమ్మ ఫొటోల్లో వాడు నవ్వుతుంటే పైన ముందు పళ్లు నాలుగూ నల్లబడి అరిగిపోయి కనిపించాయి. కింది పళ్లు బాగానే ఉన్నాయి. అట్లా ఉంటే అది రాత్రి పాలసీసా పనే అని డాక్టరమ్మ చెప్పింది. సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోతే చక్కెర పాలు పై పళ్ల చుట్టూ నిలుస్తాయి, కింది పళ్లకు నాలుక అడ్డుంటుంది. నిద్రలో ఉమ్మి తక్కువ ఊరుతుంది, కడిగేదేమీ ఉండదు. ఇది గార కాదమ్మా, నీళ్ల తప్పు కాదు. అక్కను ఒక్క మాట అనకు. బడికి పోయి వచ్చి, ఇంటి పని చేసి, రాత్రి వాడు ఏడిస్తే ఆమె ఏం చేస్తుంది? నీ మీద కూడా నాకు కోపం లేదు, పగలంతా వాణ్ని నువ్వే చూస్తున్నావు, ఈ వయసులో అదే గొప్ప.

కానీ "పాలపళ్లే కదా, ఊడిపోతాయి" అని మాత్రం అనొద్దు. ముందువి ఆరేడేళ్లకు ఊడతాయి, దవడవి పది పన్నెండేళ్ల దాకా ఉండాలి. అవి ముందే పోతే పక్క పళ్లు ఆ ఖాళీలోకి జరిగి, కొత్తవి వంకరగా వస్తాయి. నొప్పికి పిల్లవాడు తినడు, నిద్రపోడు, నువ్వేమో బక్కచిక్కాడని ఇంకో సీసా పాలు కలుపుతావు. సీసా ఒక్కరోజులో మాన్పించక్కర్లేదు. చక్కెర తగ్గిస్తూ, పాలలో నీళ్లు పెంచుతూ పోయి చివరికి వట్టి నీళ్లు ఇవ్వండి. చిన్నోడికి నేను అట్లాగే మాన్పించాను, కొన్ని రాత్రులు ఏడ్చాడు, తర్వాత మర్చిపోయాడు.

పగలు వాడి చేతిలో ఎప్పుడూ బిస్కెట్టో చాక్లెట్టో ఉంటుంది కదా. తీపి తిన్న ప్రతిసారీ నోట్లో క్రిములు పులుపు తయారుచేసి పంటిని కరిగిస్తాయి, ఉమ్మి దాన్ని సర్దడానికి అరగంట పైనే పడుతుంది. గంటకొకసారి కొరికితే పన్నుకు తేరుకునే టైమే దొరకదు. నువ్వు ప్రేమగా పెట్టే లడ్డూ పెట్టు, పెట్టొద్దని నేను అనను. అన్నం తిన్న వెంటనే ఒకటి పెట్టి నీళ్లు తాగించు. బెల్లంతో చేశా కదా అనకు, పంటికి బెల్లం, చక్కెర రెండూ ఒకటే. పైగా పల్లీపట్టీ పళ్ల సందుల్లో పట్టుకుని ఎంతసేపటికీ వదలదు. మధ్యలో ఆకలంటే జొన్నరొట్టె ముక్క, జామకాయ, ఉడికించిన పల్లీలు, పెరుగు ఇవ్వు. ఛాయ్‌లో ముంచిన బిస్కెట్ మాత్రం ఇద్దరూ మానేయండి, బాపుకు షుగర్ కూడా ఉంది.

రాత్రి పడుకునే ముందు వాడి పళ్లు నువ్వో అక్కో తోమాలి. ఏడెనిమిదేళ్ల దాకా పిల్లల చేతికి ఆ పని రాదు. నీ ఒళ్లో తల పెట్టించుకుని తోమితే నోరంతా కనిపిస్తుంది. అప్పుడే పెదవి ఎత్తి చిగురు దగ్గర చూడు. సున్నం రంగులో తెల్ల చార కనిపిస్తే అది పుచ్చడానికి మొదలు, ఆ దశలో ఆపొచ్చు. ముందు పళ్లకు ఆ దశ దాటింది కాబట్టి, బావను నార్కట్‌పల్లి కామినేని డెంటల్ కాలేజీకి తీసుకెళ్లమను, అక్కడ పిల్లల పళ్లకు వేరే విభాగం ఉంది. దసరా సెలవులు అయిపోయాయని సంక్రాంతి సెలవుల దాకా ఆగొద్దు. తాగేది మిషన్ భగీరథ కుళాయి నీళ్లని కూడా వాళ్లకు చెప్పాలి, పేస్టు ఎంత వాడాలో వాళ్లే చెబుతారు.

నీళ్లంటే గుర్తొచ్చింది. పప్పు బాగా ఉడుకుతుందని నువ్వింకా బోరు నీళ్లే పోస్తున్నావని అక్క చెప్పింది. దయచేసి మానెయ్యి అమ్మా. కాచినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. కృష్ణా నీళ్లు ఇంటికి వచ్చేదాకా ఎన్నేళ్లు ఎదురుచూశామో నీకు నేను చెప్పాలా.

సంచీలో చింటూకు రెండు చిన్న మెత్తని బ్రష్‌లు ఉన్నాయి, నీలంది నీ దగ్గర, ఎర్రది అక్క దగ్గర. బాపుకు మోకాలి పట్టీ, నీకు ఉన్ని సాక్సులు. డాక్టర్ అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరికిందో బావతో మెసేజ్ పెట్టించు. ఆదివారం మన టైము పొద్దున ఎనిమిదికి వీడియో చేస్తాను, ఈసారి ఫోన్ బాపుకివ్వకుండా నువ్వే పట్టుకో.

మీ చిన్నబిడ్డ