ఇద్దరు ఎంఈవోలు, ఒకటే బీరువా

సంపాదకులకు నమస్కారం.

మండలానికి ఇద్దరేసి ఉన్న మండల విద్యాధికారుల (ఎంఈవోల) మధ్య అధికారాల విభజన గురించి గత వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త మీద ఈ ఉత్తరం. ఉపాధ్యాయ సంఘాల వాళ్లెవరైనా అసలు సంగతి రాస్తారేమోనని నాలుగు రోజులు చూశాను. వాళ్లకు బదిలీల గొడవే సరిపోతున్నట్టుంది. మీ విలేకరి దీన్ని ‘పాలనా వికేంద్రీకరణ’ అన్నారు. పైవాడి చేతిలోని అధికారం కిందికి దిగితే అది వికేంద్రీకరణ. ఇక్కడ పైనుంచి దిగింది ఏమీ లేదు. మండలంలో ఉన్న కాస్త అధికారాన్నే ఇద్దరికి కోసి పెట్టారు.

మండలానికి రెండో విద్యాధికారి ఎందుకు వచ్చాడో వార్తలో ఒక్క ముక్క లేదు. బడుల్లో పని పెరిగిందని కాదు. సర్కారు యాజమాన్యం టీచర్లు, పంచాయతీరాజ్ టీచర్లు అనే రెండు పాయలు మనకు దశాబ్దాలుగా ఉన్నాయి. ఎంఈవో, ఆపై డిప్యూటీ ఈవో (ఉప విద్యాధికారి) పోస్టులు ఎవరివన్నది వాళ్ల మధ్య తెగని పంచాయితీ. రెండు పాయలకూ ఒకే నిబంధనలు, అంటే ఏకీకృత సర్వీసు రూల్స్ అని 1998 నుంచి ప్రయత్నిస్తూనే ఉన్నారు, ప్రతిసారీ వ్యవహారం రాజ్యాంగంలోని 371-డి అధికరణ దగ్గరా, ఉద్యోగాలను స్థానిక కేడర్లుగా విడదీసిన 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల దగ్గరా ఆగుతూనే ఉంది. 2017 జూన్‌లో ఆ ఉత్తర్వులకు సవరణ తెచ్చారు, 2018 ఆగస్టులో ఉమ్మడి హైకోర్టు దాన్నీ కొట్టేసింది. ఈలోగా చాలా మండలాలు ఇన్‌చార్జుల పాలనలోనే గడిచాయి. చివరికి 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 679 మండలాలకూ ఎంఈవో-2 పోస్టు మంజూరు చేసింది. తగాదా తీర్చలేని పెద్దమనిషి ఇంట్లో ఇంకో పొయ్యి పెట్టించినట్టు! పదోన్నతి దక్కిన ప్రధానోపాధ్యాయులను (హెచ్ఎంలను) నేను తప్పు పట్టడం లేదు, ఏళ్ల తరబడి ఎదురు చూసినవాళ్లే. పొయ్యి పెట్టించినవాళ్లు గిన్నెలు కూడా ఇవ్వాలి కదా అన్నదే నా మాట.

గిన్నెలంటే ఏమిటో ఒక్క సెలవు కాగితం వెంట నడిస్తే తెలుస్తుంది. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఒక టీచరు జబ్బు చేసి 30 రోజులు పూర్తి జీతంతో కమ్యూటెడ్ సెలవు పెట్టారనుకోండి. దరఖాస్తు, డాక్టరు సర్టిఫికెట్ బడి నుంచి మండల కార్యాలయానికి వస్తాయి. మంజూరు చేసే ముందు సర్వీసు రిజిస్టరు తీసి అర్ధజీతపు సెలవు ఎంత నిల్వ ఉందో చూడాలి, ఎందుకంటే 30 రోజుల కమ్యూటెడ్‌కు ఆ ఖాతాలో 60 రోజులు ఖర్చవుతాయి. తర్వాత ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌తో టీచరు వచ్చినప్పుడు విధుల్లో చేర్చుకోవాలి, మంజూరు ఉత్తర్వు (ప్రొసీడింగ్స్) ఇవ్వాలి, రిజిస్టరులో ఎర్ర సిరాతో నమోదు చేయాలి, జీతం బిల్లులో చూపాలి. ఇవన్నీ ఒకే బల్ల మీద ఒకే మనిషి చేస్తే మధ్యాహ్నానికల్లా అయిపోయే పని.

ఇప్పుడు దీన్ని ఇద్దరికి పంచండి. సెలవు ఒకరి వాటా, జీతం ఇంకొకరి వాటా. సర్వీసు రిజిస్టర్లున్న బీరువా ఒకటే, తాళం ఒకరి దగ్గరే. కార్యాలయానికి డీడీవో (జీతాల బిల్లు పెట్టి డబ్బు డ్రా చేసే అధికారి) కోడ్ ఒకటే, ట్రెజరీలో నమూనా సంతకం ఆ డీడీవోదే. రెండోవారు సంతకం పెట్టిన ప్రొసీడింగ్స్ జత చేసి బిల్లు పంపితే, ఈ సంతకం ఎవరిదని సబ్‌ట్రెజరీ వాళ్లు వెనక్కి కొడితే వాళ్లను అనడానికి లేదు. ఆ నెల జీతం ఆగితే సప్లిమెంటరీ బిల్లు పెట్టాలి. దానికి మళ్లీ మొదటివారి లాగిన్, రెండోవారి కాగితం. పోనీ, టీచర్ల వ్యవహారాలన్నీ ఒకరికి, పథకాలన్నీ ఇంకొకరికి అని పంచినా తంటా తీరదు. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఆ ఉన్న ఒక్కరూ సెలవు పెడితే బడికి తాళం పడుతుంది. పక్క బడి నుంచి ఇంకొకరిని సర్దుబాటు చేయడం టీచర్ల వ్యవహారం, పిల్లలకు ఆ పూట అన్నం వండించడం పథకం. ఉదయం 9 గంటలకు ఫోన్ చేయాల్సిన గ్రామస్థుడు ఎవరికి చేయాలి? ఒకటో సారుకా, రెండో సారుకా? ‘అది నా సబ్జెక్టు కాదు’ అని ఇద్దరూ నిజమే చెప్పవచ్చు.

తనిఖీల మాటా చెప్పాలి. ఎంఈవో హోదా గ్రేడ్-2 ప్రధానోపాధ్యాయుడి హోదాతో సమానం. ఉన్నత పాఠశాల హెచ్ఎం తన బడికి తానే డీడీవో, ఆయన మీద అజమాయిషీ డిప్యూటీ ఈవోది. కాబట్టి ఎంఈవోలు ఇద్దరైనా పదిమందైనా పదో తరగతి చదువు గురించి గట్టిగా అడగగలిగేది అంతంతమాత్రం. ఇద్దరూ వెళ్లి పడేది ప్రాథమిక పాఠశాలల మీదే. ఒకప్పుడు తనిఖీ అంటే ఇన్‌స్పెక్టరు అడ్మిషన్ రిజిస్టరు, హాజరు పట్టీ, క్యాష్ బుక్ అన్నీ తిరగేసి, తరగతిలో కూర్చుని పాఠం విని, పిల్లవాడి చేత ఎక్కం చెప్పించి, లాగ్ బుక్‌లో నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టేవారు. ఇప్పుడు గుడ్ల ఫొటో, హాజరు ఫొటో. గ్రామ సచివాలయం నుంచి సంక్షేమ, విద్యా సహాయకుడు వచ్చి చూస్తాడు, కొన్ని బడుల క్లస్టరుకు ఒకడుగా తిరిగే సీఆర్ఎంటీ చూస్తాడు, ఒకటో ఎంఈవో చూస్తారు, రెండో ఎంఈవో చూస్తారు. అయిదో తరగతి పిల్లవాడికి భాగహారం వచ్చో రాదో మాత్రం ఎవరి పట్టికలోనూ లేదు. పైగా ఒక్కో అధికారికి ఒక్కో వాట్సాప్ గ్రూపు. ఒకే వివరం రెండు గ్రూపుల్లో రెండు నమూనాల్లో పంపాలి, అదీ ‘అర్జెంట్, 11 గంటల్లోపు’. ఏ అర్జెంటుకూ మరుసటి రోజు దిక్కు ఉండదు.

జిల్లా స్థాయీ ఇదే తీరు. జిల్లా విద్యాధికారి (డీఈవో) ఒకవైపు, సమగ్ర శిక్ష పథకం చూసే ఏపీసీ ఒకవైపు, టీచర్లకు శిక్షణ ఇచ్చే డైట్ ఒకవైపు. పంచాయతీరాజ్ టీచరు జీతం ప్రభుత్వ ఖజానాలోని 010 పద్దు నుంచి, పీఎఫ్ ఖాతా మాత్రం జిల్లా పరిషత్తులో. పక్కన తెలంగాణలో ఇద్దరి మాట దేవుడెరుగు, ఒక్క హెచ్ఎం సొంత బడి చూసుకుంటూనే రెండు మూడు మండలాలకు ఇన్‌చార్జిగా తిరిగిన రోజులున్నాయి. అక్కడ మనిషి లేక, ఇక్కడ ఎవరి పని ఏదో తెలియక.

పంచడమే తప్పదంటే పనులను కాదు, బడులను పంచండి. మండలంలోని క్లస్టర్లలో సగం ఒకరికి, సగం మరొకరికి. తన బడులకు సంబంధించి సెలవు, సర్దుబాటు, తనిఖీ, సర్వీసు రిజిస్టరు, జీతం బిల్లు, మధ్యాహ్న భోజనం అన్నీ ఆ ఒక్కరివే. ఇద్దరికీ వేర్వేరు డీడీవో కోడ్, వేర్వేరు బీరువా, చెరొక గుమాస్తా. గుమాస్తా లేకుండా అధికారిని వేయడమంటే ఎడ్లు లేని బండికి ఇంకో కాడి తగిలించడమే. ఒకరు సెలవులో ఉంటే ఎవరు సంతకం పెట్టాలో ఉత్తర్వులోనే ఉండాలి. ఇద్దరికీ పేచీ వస్తే ఎన్ని రోజుల్లో ఎవరు తేల్చాలో కూడా ఉండాలి. మన ఉత్తర్వుల్లో ఇలాంటి చోట ‘పరస్పర సమన్వయంతో పనిచేయవలెను’ అనే వాక్యం ఒకటి దొర్లుతుంది. ఆ వాక్యం రాసినాయన ఏనాడూ మరొకరితో ఒకే రబ్బరు స్టాంపు పంచుకుని ఉండరు.

మీ విలేకరికి ఒక మనవి. ఈసారి ఈ వార్త రాసేటప్పుడు ‘అధికారాలు పంచారు’ అని ఊరుకోకుండా, ఏ కాగితం మీద ఎవరి సంతకం చెల్లుతుందో ఆ పట్టిక పూర్తిగా వేయండి. సబ్‌ట్రెజరీ వారి అభిప్రాయం కూడా పక్కన వేస్తే ఇంకా మంచిది.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, గుంటూరు జిల్లా